అటక మీద 1967 పుష్కరాలు: నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ వారికి ఒక బహిరంగ లేఖ

పుణేలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ అధికారులకు, సిబ్బందికి,

నమస్కారమండీ. గౌతమికీ వశిష్ఠకీ మధ్యనున్న కోనసీమ నుంచి రాస్తున్నాను. మా నాన్నగారు సినిమా హాల్లో ఆపరేటర్. నేను 1988 నుంచి ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ, తీర్థాలకీ వీడియోలు తీశాను. ఇప్పుడు జిరాక్స్ కొట్టు నడుపుకుంటున్నాను. మీకు ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత ఇంతే. కానీ మా ఇంటి అటక మీద ఒక రేకు డబ్బా ఉంది. దాని గురించి మీకు చెప్పకపోతే ఇంకెవరికీ చెప్పలేను.

డబ్బా సంగతికి ముందు ఒక చెట్టు సంగతి. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదారి గట్టు మీద పెద్ద నిద్రగన్నేరు ఉండేది. వయసు నూట యాభై ఏళ్ళు అనేవారు. దాని కింద ఎన్ని సినిమాలు తీశారో లెక్కలేదు. అందుకే మా వైపు దానికి సినిమా చెట్టని పేరు. 2024 ఆగస్టులో అది కూలిపోయింది. చూడ్డానికి జనం బళ్ళేసుకుని వెళ్ళారు. మోడుకి మళ్ళీ చిగుళ్ళు తెప్పించాలని కొందరు తంటాలు పడ్డారు. ఆ వారమంతా మా ఫోన్ల నిండా సినిమా ముక్కలే. ఈ పాటలో చెట్టు, ఆ సీన్లో చెట్టు, ఇదిగో ఈ కొమ్మ కింద పంచాయతీ. ఆ కొమ్మల్ని చూడాలంటే ఇక ఆ సినిమాలే దిక్కు.

హేవలాక్ బ్రిడ్జి కూడా అంతే. 1900లో మొదలై, 1997లో రైళ్ళు ఆగిపోయాయి. బ్రిడ్జి ఉంది. కింద పడవ, పైన పొగబండి అనే దృశ్యం మాత్రం పాత సినిమాల్లోనే మిగిలింది. ఎగువన దేవీపట్నం మండలంలో పోలవరం నీళ్ళకి ఖాళీ అయిన ఊళ్ళూ అంతే. ఆ రేవుల్లో షూటింగ్ జరిగినప్పుడు ఇది రికార్డు అవుతుందని ఎవరూ అనుకుని ఉండరు. హీరోయిన్ మీద ఎండ సరిగ్గా పడుతోందా లేదా, వాళ్ళ టెన్షన్ అది.

1967లో వచ్చిన బాపుగారి మొదటి సినిమా ‘సాక్షి’ని మా దగ్గరే పులిదిండిలో తీశారు. సెట్టు వేయకుండా ఊళ్ళోనే తీశారు. ఇవాళ దాన్ని మా ఇంట్లో పెడితే కథని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఆ పెంకుటిళ్ళు, ఆ గట్టు, ఆ పడవ, వెనకాల నిలబడ్డ మొహాలు, అవే చూస్తారు. యాభై ఏళ్ళు గడిచేసరికి ఎంత గొప్ప సినిమాలోనైనా కథ కాస్త వెనక్కి వెళ్ళి, అప్పుడు వెనకాల ఉన్నది ముందుకొస్తుంది. మీరు కాపాడుతున్నది అదీనూ.

మీ సంస్థ మీద నాకు చాలా గౌరవం. 1964లో మొదలైంది. మొదట్లోనే చేరిన పి.కె. నాయర్ గారు 1991లో రిటైరయ్యే నాటికి పన్నెండు వేల దాకా సినిమాలు పోగేశారు. ఆయన ఆఫీసులో కూర్చుని అప్లికేషన్ల కోసం చూళ్ళేదు. ఎవరింట్లో ఏ డబ్బా ఉందో వాకబు చేసి, తలుపు కొట్టి, బతిమాలి తెచ్చారు. ఫాల్కే గారి 1913 నాటి ‘రాజా హరిశ్చంద్ర’ సినిమాలో మిగిలిన రీళ్ళు ఇవాళ మన ముందున్నాయంటే అలాంటి తిరుగుడు వల్లే. అంత తిరిగినా, మూకీల కాలంలో మన దేశంలో తీసిన 1,300కు పైగా సినిమాల్లో చేతికి చిక్కినవి చాలా కొద్ది. మన మొదటి టాకీ, 1931 నాటి ‘ఆలం ఆరా’ ప్రింటు ఒక్కటి కూడా లేదు. 1921లో రఘుపతి వెంకయ్య గారు, వారబ్బాయి ప్రకాష్ గారు తీసిన తెలుగువాళ్ళ మొదటి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ పోయింది. 1936లో రాజమండ్రిలోనే దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టి సినిమా తీశారు. ఆ మాట రాజమండ్రిలో పదిమందితో అంటే తొమ్మిదిమంది “ఇక్కడా? స్టూడియోనా?” అంటారు.

రీళ్ళు ఎలా పోయాయో నాకు బాగా తెలుసు. నేనూ ఒక చెయ్యి వేశాను కాబట్టి. పెద్ద సెంటర్లలో ఆడి ఆడి గీతలు పడ్డ ప్రింటు చివరికి మా లాంటి ఊళ్ళకొచ్చేది. తెగితే మా నాన్నగారు రెండు అంచులూ గీకి, ఫిల్మ్ సిమెంటు అనే జిగురు రాసి అతికించేవారు. అతికిన ప్రతిసారీ నాలుగైదు ఫ్రేములు కిందపడేవి. వాటిని ఏరుకోవడం మా పిల్లల హక్కు. ఫ్యూజు పోయిన బల్బు అడుగు జాగ్రత్తగా పగలగొట్టి, లోపలి తీగలు పీకేసి, నీళ్ళు నింపితే అదే లెన్సు. వీధిలో ఒకడు అద్దం పట్టుకుని ఎండని కిటికీలోంచి లోపలికి కొడతాడు. మధ్యలో బిట్టు, గోడ మీద తెల్ల పంచె. రామారావు గారు తలకిందులుగా కనబడేవారు, బిట్టు తిప్పి పెట్టేవాళ్ళం. ఇక హక్కుల గడువు తీరిన ప్రింట్లని వెండి కోసం కరిగించేవారు. నలుపు తెలుపు రీలు మీద బొమ్మంతా వెండే కదా. సినిమా కన్నా అందులో వెండి ఖరీదు అనుకున్న రోజులవి.

ఇప్పుడు మా డబ్బా. మా నాన్నగారు పనిచేసిన హాలు యజమాని పెద్ద రైతు, సరదాల మనిషి. మద్రాసు నుంచి 16 ఎం.ఎం. కెమెరా తెప్పించుకుని 1967 పుష్కరాలకి కోటిపల్లి రేవులో స్వయంగా తీశారు. ఆ తర్వాత సరదా తీరిపోయింది. ఏళ్ళ తర్వాత హాలు మూసేసిన రోజు, బాకీ పడ్డ జీతం కింద మా నాన్నగారికి ఒక ఫ్యాను, రెండు కుర్చీలు, ఈ డబ్బా ఇచ్చారు. ఫ్యాను ఇప్పటికీ తిరుగుతోంది.

నాలుగేళ్ళ కిందట దాన్ని దించాను. మూత తుప్పు పట్టి బిగుసుకుపోతే స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తాను. పులిసిన కల్లు వాసన గుప్పుమంది. వంటింట్లోంచి మా ఆవిడ “ఏంటండీ ఆ కంపు?” అంది. రీలు అంచు వేయించిన అప్పడంలా అలలు తిరిగి ఉంది. పై చుట్టు ఒక అడుగు మెల్లగా విప్పి, కిటికీ వెలుతురుకి పట్టి భూతద్దం పెట్టాను. వేలిగోరంత ఫ్రేము. రేవు మెట్లు, నడుం లోతు నీళ్ళలో ఒక ముసలావిడ, దోసిట్లో నీళ్ళు. తర్వాతి ఫ్రేములో దోసిలి వెంట్రుకవాసి పైకి లేచింది. ఆ తర్వాతిదాంట్లో ఇంకో వెంట్రుకవాసి. అడుగుకి నలభై ఫ్రేములు. నలభయ్యీ చూశాను. ఆవిడ చేతులు ఇంకా మొహం దాకా రాలేదు. తెర మీద అది రెండు సెకన్లు కూడా కాదు. డబ్బాలో నాలుగొందల అడుగులున్నాయి. మళ్ళీ చుట్టేశాను. ఇంకా విప్పితే విరిగిపోతుందని భయం.

ఇది రివర్సల్ ఫిల్మ్. నెగటివ్ ఉండదు, కెమెరాలో తిరిగిన రీలే బొమ్మ. అంటే ఆ ముసలావిడ ఈ లోకంలో మా అటక మీద తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ కల్లు వాసన ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు, చదివే మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. మొదట్లో సినిమా రీళ్ళు నైట్రేట్ మీద ఉండేవి. అంటుకుంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు. 2003 జనవరిలో పుణేలో నైట్రేట్ రీళ్ళు దాచిన చోట నిప్పంటుకుని మన పాత సినిమాలు ఎన్నో బూడిదయ్యాయి. దాని బదులు వచ్చిన ఎసిటేట్‌కి సేఫ్టీ ఫిల్మ్ అని పేరు పెట్టారు. ఇది అలా భగ్గుమనదు గానీ కుళ్ళుతుంది. వేడి, చెమ్మ తగిలితే అందులోంచి వెనిగర్‌లో ఉండే ఆమ్లమే పుడుతుంది. ఆ ఆమ్లం కుళ్ళుని ఇంకా తొందరపెడుతుంది, పక్క డబ్బాకీ అంటిస్తుంది. రీలు కుంచించుకుపోయి, చిల్లులు యంత్రం పళ్ళకి అందకుండా పోతాయి. మా దగ్గర వేడికీ చెమ్మకీ కరువా అండీ? ఆషాఢం వస్తే ఉప్పు నీరు కారుతుంది, బీరువాలో బట్టలకి బూజు పడుతుంది. అటక మీద వేసవి మధ్యాహ్నం చెయ్యి పెట్టలేం. ఆ డబ్బా ఇన్నాళ్ళు ఉండటమే గొప్ప.

క్యాసెట్ల కథ ఇంకా అన్యాయం. రీలు గురించి కనీసం బాధపడేవాళ్ళున్నారు. నా ట్రంకు పెట్టెలో వీహెచ్‌ఎస్ క్యాసెట్లు మూడొందల దాకా ఉన్నాయి. 1991 పుష్కరాలు, జగ్గన్నతోట ప్రభలు, గరగ నృత్యాలు, వీరభద్రుడి సంబరాలు, ఊరి నాటకాలు, లెక్కలేనన్ని పెళ్ళిళ్ళు. కలరా ఉండలు వేసినా కొన్నింటికి ఎండు కొబ్బరి చిప్పకి పట్టినట్టు తెల్లగా బూజు పట్టింది. అలాంటిది తెలియక వీసీఆర్‌లో పెడితే హెడ్డు పాడవుతుంది, ఆ తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కీ అది అంటుకుంటుంది. ఆ వీసీఆర్‌లు తయారుచేసే ఆఖరి కంపెనీ కూడా 2016లో మానేసింది. టేపుల్ని 2025లోగా డిజిటల్‌లోకి ఎక్కించకపోతే చాలా వరకు మళ్ళీ చూడలేమని ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ అప్పట్లోనే హెచ్చరించింది. ఆ గడువు కూడా వచ్చి వెళ్ళింది.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మా సీమని ఊడ్చేసింది. మర్నాడు పెళ్ళిళ్ళు తీసే కెమెరాతోనే బయల్దేరాను. చార్జింగ్ ఉన్న బ్యాటరీలు రెండే. నలభై నిమిషాలు తీశాను. తలలు తెగిన కొబ్బరి చెట్లు, పడ్డవన్నీ ఒకే దిక్కుకి, ఎవరో చేత్తో దువ్వినట్టు. కొన్నేళ్ళ తర్వాత దాన్ని సీడీ చేయించాలని టౌనులో ఒక షాపుకిచ్చాను. సీడీ ఇచ్చారు, క్యాసెట్టూ ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే క్యాసెట్‌లో ఎవరిదో ఓణీల ఫంక్షన్. “సీడీ ఉందిగా మాస్టారూ, ఖాళీ అనుకున్నాం” అన్నారు. ఇప్పుడు ఆ సీడీ పెడితే డ్రైవు గరగరమంటుంది, ఏమీ రాదు.

వాళ్ళని తిట్టుకున్నాను గానీ నేనేం తక్కువ తిన్నాను? మా ఊరి షష్ఠి తీర్థంలో ఒక హరిదాసు గారు మూడు రాత్రులు కథ చెప్పారు. కపిలేశ్వరపురం హరికథా పాఠశాల మాకు దగ్గరే, హరికథ అంటే మా వైపు చెవి కోసుకుంటారు. ఆరు క్యాసెట్లు తీశాను. ఆ నెలలో ముహూర్తాలెక్కువ, చేతిలో డబ్బుల్లేవు, కొత్త క్యాసెట్లు కొనలేక ఆ ఆరింటి మీదా పెళ్ళిళ్ళు ఎక్కించాను. ఒక పెళ్ళి క్యాసెట్ చివర, అప్పగింతలయ్యాక, నీలం తెర వస్తుంది. దాని తర్వాత పదకొండు సెకన్లు చిడతల మోత, ఆయన గొంతులో సగం మాట. ఆయన పోయి చాలా కాలమైంది. వాళ్ళ మనవడు ఆ మధ్య వచ్చి “తాతగారివి ఏమైనా ఉన్నాయా అండీ” అని అడిగాడు. పదకొండు సెకన్లూ ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాను. ఎందుకు అంతే ఉందో చెప్పలేదు. ఇదిగో, ఇక్కడ చెబుతున్నాను.

“ఎందుకీ గోల, యూట్యూబ్‌లో పెట్టెయ్యండి” అంటారు కుర్రాళ్ళు. పెట్టాను. ఒకటి పాట హక్కుల గొడవతో పోయింది, ఇంకోటి బొమ్మంతా గళ్ళు గళ్ళుగా నలిగింది. అది చూపించుకునే చోటే గానీ దాచుకునే చోటు కాదు. హార్డ్ డిస్కులూ అంతే, ఐదారేళ్ళకోసారి కొత్తదాంట్లోకి ఎక్కించకపోతే నమ్మకం లేదు. రెండు మూడు కాపీలు చేసి, వేర్వేరు ఊళ్ళలో పెట్టి, తరానికోసారి మార్చుకుంటూ పోయే ఓపిక సంస్థకే ఉంటుంది, జిరాక్స్ కొట్టువాడికి ఉండదు.

మీ చేతిలో చట్టం లేదని నాకు తెలుసు. 1954 చట్టం ప్రకారం పుస్తకం అచ్చువేసినవాళ్ళు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకీ, మరో మూడు లైబ్రరీలకీ సొంత ఖర్చుతో కాపీలు పంపాలి. కరపత్రంలాంటి పుస్తకానికీ చోటుంది. కోట్లు పెట్టి తీసిన సినిమాకి మాత్రం అలాంటి నిర్బంధం లేదు. ఫ్రాన్స్‌లో 1992 నాటి చట్టం టీవీ, రేడియో ప్రసారాలని కూడా జమ చేయమంది, ఆ పని ఇనా అనే జాతీయ సంస్థ చూస్తోంది. మన దగ్గర అలాంటి చట్టం రావాలని మీరే గట్టిగా అడగాలి. 2022లో నేషనల్ ఫిల్మ్ హెరిటేజ్ మిషన్ కింద 363 కోట్లతో 2,200 సినిమాలు బాగుచేస్తామని ప్రకటించినప్పుడు సంతోషించాను. అదే ఏడాది మీ సంస్థని ఎన్‌ఎఫ్‌డీసీలో, అంటే జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో, కలిపారు. కలిపితే కలిపారు, రీళ్ళు దాచే వాల్టు గదుల్లో చల్లదనం తగ్గకపోతే చాలు. కానీ ఆ 2,200లో ఎవరి దృష్టిలోనైనా ఉన్న సినిమాలే ఉంటాయి. పేరు లేని రీళ్ళు ఏ జాబితాలోకీ ఎక్కవు. జాతీయ సంస్థ అన్నాక అలాంటివాటికోసం వెతకడం కూడా దాని పనేనని నా వాదన.

హరికథలూ ప్రభలూ మీ పరిధి కాదనొచ్చు. ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం కింద నేషనల్ కల్చరల్ ఆడియోవిజువల్ ఆర్కైవ్స్ ఉంది, అక్కడ అడగమనొచ్చు. దయచేసి మీరూ మీరూ మాట్లాడుకోండి. మండలాఫీసులో ఈ కిటికీ కాదు ఆ కిటికీ అని తిప్పినట్టు మమ్మల్ని తిప్పకండి. మా ఇంట్లో రీలూ ఉంది, టేపులూ ఉన్నాయి, చెమ్మ రెండింటినీ తేడా లేకుండా తింటోంది.

కోనసీమలో మీరు వాల్టు కట్టమని అడగడం లేదు. ఉప్పుగాలీ తుఫానులూ ఉన్న చోట అది తెలివైన పని కాదు. రీళ్ళు పుణేలోనే చల్లగా, పొడిగా ఉండనివ్వండి. మీ ప్రాంతీయ కార్యాలయాలు బెంగళూరు, కోల్‌కతా, తిరువనంతపురంలో పెట్టారు, తెలుగు నేల మీద పెట్టలేదు. అది పెట్టేదాకా కనీసం ఒక వ్యాను పంపండి. అందులో రెండు మంచి వీసీఆర్‌లు, బూజు శుభ్రం చేసే సరంజామా, పని తెలిసిన ఇద్దరు మనుషులు చాలు. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, నరసాపురం, పాలకొల్లులో పదేసి రోజులు ఆగండి. వ్యాను వచ్చేలోగా ఒక చిన్న సాయం చేయొచ్చు. రీలు డబ్బాలో పెడితే ఎంత కుళ్ళిందో రంగు మారి చెప్పే కాగితం ముక్కలుంటాయి. నీలం ఉంటే ఫర్వాలేదు, ఆకుపచ్చగా మారితే జాగ్రత్త, పసుపైతే ఇక ఆగకూడదు. అవి పోస్టులో పంపితే మేమే పెట్టి చూసి, ఏది ముందు తీసుకోవాలో మీకు చెబుతాం.

మనుషులు ఇస్తారా అంటారా? ఊరికే ఇవ్వరు. “ఇస్తే తిరిగిరాదు” అన్నది మా వాళ్ళకి అనుభవం. పాత ఫోటో పట్టుకెళ్ళిన విలేకరీ, ప్రదర్శనకని తాళపత్రాలు తీసుకెళ్ళిన పెద్దమనిషీ ఎవరూ తిరిగి ఇచ్చిన పాపాన పోలేదు. కాబట్టి తీసుకున్న ప్రతిదానికీ తెలుగులో రశీదు ఇవ్వండి. ఎక్కించిన కాపీ ఒకటి ఆ ఇంటివాళ్ళ చేతిలో పెట్టండి, అదీ వాళ్ళు ఫోన్లో చూసుకునేలా. పెళ్ళి క్యాసెట్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అందులో ఆడపిల్లలున్నారు, ఇవాళ విడిపోయిన జంటలున్నాయి, పోయినవాళ్ళున్నారు. ఎవరు చూడొచ్చు, ఎన్నేళ్ళ తర్వాత చూడొచ్చు అన్నది ఇంటివాళ్ళని అడిగి రాసుకోండి. నెట్లో పెట్టనని మాటిస్తేనే చాలామంది పెట్టె తీస్తారు. హరికథలూ నాటకాల విషయంలో కళాకారుడి కుటుంబాన్ని కూడా అడగాలి.

ఇక చూసే చోటు. పుణేలో ఉన్నది పుణేలోనే చూడాలంటే మాకు ఉన్నట్టా లేనట్టా? రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది, తాటాకు పుస్తకాల దాకా దాచిన చోటు. అలాంటి చోట ఒక గది, నాలుగు కంప్యూటర్లు, చెవులకి పెట్టుకునేవి ఉంటే, గోదావరి మీద తీసిన ప్రతిదీ అక్కడికొచ్చినవాళ్ళు చూసుకోవచ్చు. పేర్లు చెప్పగలిగేవాళ్ళు కూడా ఇక్కడే ఉన్నారు. ఇది ఫలానా రేవు, ఆ పంటు మీద నిలబడ్డది ఫలానా మనిషి అని చెప్పడానికి పుణేలో ఎవరుంటారండీ? ఎనభై దాటినవాళ్ళు ఉన్నప్పుడే వాళ్ళచేత చెప్పించుకోవాలి.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. ఘాట్లకీ లైట్లకీ రోడ్లకీ డబ్బు వస్తుంది, డ్రోన్లు ఎగురుతాయి, ఫోన్లలో కోట్ల వీడియోలు తీస్తారు. ఆలోగా పాత పుష్కరాలవి ఎవరింట్లో ఏమున్నాయో పోగుచేసి, రేవు దగ్గర ఒక సాయంత్రం తెర కట్టి చూపిస్తే బాగుంటుందని నా ఆశ. కోటిపల్లి రేవులో, ఆ ముసలావిడ చేతులు మొహం దాకా వెళ్ళడం నేనూ చూడాలి.

మీ మనిషిని ఎవరినైనా పంపితే రాజమండ్రిలో రైలు దిగి రావులపాలెం మీదుగా బస్సులో రమ్మనండి. వానాకాలం ముందైతే మంచిది. మా ఇంటి నిచ్చెన కొంచెం ఊగుతుంది, కొత్తవాళ్ళని ఎక్కనివ్వను. డబ్బా నేనే దించి ఇస్తాను.

ఇట్లు,
కోనసీమలో ఒక పాత వీడియోగ్రాఫర్